తరతరాల కళాశాల జీవితం

పాఠ్యభాగ ఉద్దేశం: మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో ఉన్నతవిద్య ఎట్లా విస్తరించిందో, దానితోపాటు విద్యార్థి జీవనం ఎట్లా మారిందో వివరించడం; గత తరాల శ్రమను గ్రహించి, నేటి అవకాశాలను విచక్షణతో వినియోగించుకొనే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం.

నల్లమల కొండలకు తూర్పున, గుండ్లకమ్మ నది పారే మెట్ట నేలలో మార్కాపురం, కంభం, గిద్దలూరు, దోర్నాల, ఎర్రగొండపాలెం మొదలైన ఊళ్లు వెలిశాయి. ఈ ప్రాంతాన్ని ప్రజలు పశ్చిమ ప్రకాశమని వ్యవహరిస్తారు. వర్షాధారపు సేద్యం, తరచు వచ్చిపడే కరవు, అనేక గ్రామాలలో ఫ్లోరైడు కలిసిన నీరు ఇక్కడి జీవితాన్ని తీర్చిదిద్దాయి. 1970 వరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న కర్నూలు, నెల్లూరు, గుంటూరు జిల్లాల భాగాలతో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా అవతరించింది. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. కర్నూలైనా, ఒంగోలైనా ఈ ప్రాంత ప్రజలకు దూరపు పట్టణమే. ఆ దూరం ఇక్కడి చదువులపై బలమైన ముద్ర వేసింది.

ఈ ప్రాంతానికి చదువుతో మరొక విధమైన అనుబంధం కూడా ఉంది. మార్కాపురం పలకలకు ప్రసిద్ధి. భూమిలోనుండి తీసిన రాతిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రంలో బిగిస్తే పలక తయారవుతుంది. ఎన్నో ప్రాంతాల బాలలు ఆ పలకలమీద ఓనమాలు దిద్దారు. కాని రాతిదుమ్ము పీల్చుతూ ఆ పలకలను తయారుచేసిన శ్రామికుల పిల్లలకు ఉన్నతవిద్య అంత సులభంగా అందలేదు. ఊరూరికీ పలకలు పంపిన పట్టణం తన బిడ్డలను కళాశాల గడప దాటించడానికి పడిన ప్రయాసే ఈ ప్రాంత విద్యాచరిత్రలో ముఖ్యమైన అధ్యాయం.

దూరమే తొలి పరీక్ష

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాలలో ఈ ప్రాంతపు విద్యార్థికి కళాశాల అంటే పరాయి ఊరు. గుంటూరులో 1885లో స్థాపితమైన ఆంధ్ర క్రైస్తవ కళాశాల, అనంతపురంలో 1916లో దత్తమండల కళాశాలగా ప్రారంభమైన ప్రభుత్వ కళాశాల వంటివి పేరున్న విద్యాకేంద్రాలు. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లమీదుగా సాగే మీటరుగేజి రైలుమార్గం ఒకవైపు గుంటూరుకు, మరొకవైపు నంద్యాలకు దారి చూపేది. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, ఊరగాయ జాడీతో రైలెక్కిన యువకుడు మళ్లీ పండుగ సెలవులకుగాని ఇల్లు చేరేవాడు కాదు. ఇంటి కబురుకు ఉత్తరం, నెల ఖర్చుకు మనియార్డరు ఆధారం. పంట చేతికి రాని ఏడాది ఆ మనియార్డరు ఆలస్యమయ్యేది. ఒక్కొక్కప్పుడు చదువే ఆగిపోయేది.

ఆనాటి చదువు క్రమం కూడా వేరు. పాఠశాల చదువు ముగిసిన తరువాత ఒక సంవత్సరం పి.యు.సి., ఆపై మూడేళ్ల డిగ్రీ ఉండేవి. 1969–70 విద్యాసంవత్సరం నుండి రెండేళ్ల ఇంటర్మీడియట్ అమలులోకి వచ్చింది. 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడింది. పల్లెటూరి విద్యార్థికి దూరం తరువాతి కష్టం భాష. పాఠశాలలో తెలుగులో చదివినవాడు కళాశాలలో ఆంగ్లంలో సాగే ఉపన్యాసాలు విని తెల్లబోయేవాడు. ఈ ఇబ్బందిని తొలగించే ఆశయంతో, కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలను తెలుగులో సిద్ధం చేయడానికి 1968లో తెలుగు అకాడమి స్థాపితమైంది. తెలుగు మాధ్యమం రావడంతో మొదటితరం విద్యార్థులెందరో చరిత్రనూ, అర్థశాస్త్రాన్నీ తమ భాషలో ఆలోచించగలిగారు.

ఆ తరంలో కళాశాలకు వెళ్లిన బాలికలు అరుదు. కొడుకును పొరుగూరికి పంపడానికి అప్పు చేసిన తండ్రి, కూతురి విషయంలో పెండ్లి మాటనే ముందు తలచేవాడు. తెలివి లేక చదువు మానినవారికంటె, దారి లేక మానినవారే ఆడపిల్లలలో అధికం.

ఆ తరం రాజకీయ ఆవేశాలనూ చూసింది. 1972–73లో సాగిన జై ఆంధ్ర ఉద్యమకాలంలో ఆంధ్ర ప్రాంతంలోని కళాశాలలు నెలల తరబడి మూతపడ్డాయి. బహిరంగ సభలు, ఊరేగింపులు ఎందరికో సామాజిక చైతన్యాన్ని నేర్పాయి. అయితే పోయిన విద్యాకాలపు భారం పేద విద్యార్థిమీదనే ఎక్కువగా పడింది. మరొక ఏడాది తిండిఖర్చు భరించడం అందరు తండ్రులకూ సాధ్యం కాదు కదా!

ఊరికి చేరువైన కళాశాల

తరువాతి కాలంలో మార్కాపురం, గిద్దలూరు, కంభం వంటి చోట్ల జూనియర్, డిగ్రీ కళాశాలలు నిలదొక్కుకొన్నాయి. 1976లో గుంటూరు సమీపాన నాగార్జున విశ్వవిద్యాలయం ఆరంభమైంది. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసి, చదువు మధ్యలో ఆపిన ఉద్యోగులకు, గృహిణులకు డిగ్రీ అవకాశాన్ని కల్పించింది. కళాశాల విద్యార్థిని వెదుక్కుంటూ వచ్చిన కాలమిది.

ఈ తరం జీవితానికి ఆర్టీసీ బస్సు ఇరుసు వంటిది. తెల్లవారగానే పల్లెనుండి బయలుదేరే బస్సులో పాసులు పట్టుకొన్న విద్యార్థులు కిక్కిరిసి ప్రయాణించేవారు. పట్టణంలో గది అద్దెకు తీసుకొన్నవారికి ఇంటినుండి భోజనపు క్యారియర్ బస్సులోనే వచ్చేది. ఆ క్యారియర్‌లోని సజ్జరొట్టె, గోంగూర పచ్చడి గదిలోని మిత్రులందరికీ పంచబడేవి. సాంఘిక సంక్షేమ వసతిగృహాలు నిరుపేద కుటుంబాల పిల్లలకు నీడనిచ్చాయి. తమ వంశంలో మొదటిసారిగా సంతకం నేర్చినవారి బిడ్డలు పట్టభద్రులయ్యారు.

కళాశాల ఊరికి దగ్గరైనందువలన అధికంగా లాభపడినవారు బాలికలు. సాయంత్రానికి ఇల్లు చేరగలదన్న నమ్మకం కలిగినప్పుడే అనేక కుటుంబాలు ఆడపిల్లను పై చదువుకు పంపాయి. బస్సు వేళ తప్పితే చదువు మానిపిస్తారనే భయంతో చివరి గంట పాఠాన్ని వదులుకొని పరుగెత్తిన బాలికలూ ఉన్నారు. ఒక బస్సు సమయానికి రావడంపై ఒక అమ్మాయి భవిష్యత్తు ఆధారపడటం నేటి విద్యార్థులకు వింతగా తోచవచ్చు. కాని అది ఆనాటి వాస్తవం.

పాఠశాల ఉపాధ్యాయుని వలెనే కళాశాల అధ్యాపకుడు కూడా విద్యార్థి కుటుంబ పరిస్థితిని ఎరిగి ఉండేవాడు. గ్రంథాలయం, జాతీయ సేవాపథకం శిబిరాలు, వక్తృత్వ పోటీలు, వార్షికోత్సవ నాటికలు యువతీయువకుల ప్రతిభకు వేదికలు. 1989లో ఓటుహక్కు వయస్సు 21 నుండి 18 సంవత్సరాలకు తగ్గడంతో డిగ్రీ విద్యార్థి ఓటరు కూడా అయ్యాడు. ఆ జీవితంలో చీకటి కోణాలు లేకపోలేదు. కొత్త విద్యార్థులను వేధించే దురాచారం రాష్ట్రమంతటా ప్రబలగా, దానిని నిషేధిస్తూ 1997లో చట్టం చేయవలసి వచ్చింది. పాతకాలమంతా స్వర్ణయుగమనే భావన సరికాదని ఈ ఒక్క చట్టమే చాటుతుంది.

మార్కుల నుండి ర్యాంకులకు

1986లో ఎంసెట్ ప్రవేశపరీక్ష ప్రారంభం కావడంతో ఇంటర్మీడియట్ స్వరూపమే మారింది. అంతవరకు అది డిగ్రీకి మెట్టు; ఆపైన అది ర్యాంకుకు రంగస్థలం. 1990 దశకంనుండి పట్టణాలలో ప్రైవేటు రెసిడెన్షియల్ కళాశాలలు విస్తరించాయి. మార్కాపురం, గిద్దలూరు పరిసరాల తల్లిదండ్రులు పొలం కుదువపెట్టో, బంగారం అమ్మో పిల్లలను విజయవాడ, గుంటూరు, నెల్లూరు, హైదరాబాదు నగరాలకు పంపసాగారు. విచిత్రమేమంటే, ఇంటి ముందుకు వచ్చిన కళాశాలను దాటి విద్యార్థి మళ్లీ దూరమే వెళ్లాడు. పూర్వం ఊరిలో కళాశాల లేక వెళ్లేవారు. ఇప్పుడు ఊరి కళాశాలపై నమ్మకం చాలక వెళ్లారు.

తెల్లవారుజామున మొదలై రాత్రి పొద్దుపోయేవరకు సాగే తరగతులు, వారాంతపు పరీక్షలు, గోడకు అతికించిన ర్యాంకుల పట్టికలు ఆ చదువుకు గుర్తులు. అందులో క్రమశిక్షణ ఉంది, ఫలితమూ ఉంది. కాని ఆటస్థలం, గ్రంథాలయం, తీరికగా సాగే స్నేహం అందులో సన్నగిల్లాయి. ఎందరో విద్యార్థులు వైద్యులు, ఇంజనీర్లు అయ్యారు. ఒత్తిడికి తాళలేక కుంగిపోయినవారూ ఉన్నారు. అటువంటివారి బాధ ర్యాంకుల పట్టికలలో కనిపించదు.

2000 దశకంలో మార్కాపురం పరిసరాలలోనే ఇంజనీరింగు కళాశాలలు వెలిశాయి. ఆ దశకపు ద్వితీయార్ధంలో ఆరంభమైన బోధనారుసుముల తిరిగి చెల్లింపు పథకం పేద కుటుంబాలకు వృత్తివిద్యను అందుబాటులోకి తెచ్చింది. చేతిలో పట్టా ఉన్న యువకుల సంఖ్య పెరిగింది. పట్టాకు తగిన నైపుణ్యం, నైపుణ్యానికి తగిన కొలువు దొరకడం మాత్రం మరొక సమస్యగా నిలిచింది.

తెర వెలుగులో నేటి విద్యార్థి

2015–16 నుండి డిగ్రీలో సెమిస్టరు విధానం వచ్చింది. 2016 తరువాత అంతర్జాలం చౌకై, పల్లెలోని విద్యార్థి చేతికి కూడా స్మార్ట్‌ఫోను చేరింది. 2020 మార్చిలో కరోనా మహమ్మారి కారణంగా కళాశాలలు మూతపడగా ఆ ఫోనే తరగతిగది అయింది. అప్పుడు సమాజంలోని అంతరాలు మరొకసారి బయటపడ్డాయి. ఇంటికొక ఫోను ఉన్నచోట అన్న వింటే చెల్లెలికి పాఠం లేదు. నల్లమల అంచున ఉన్న చెంచుగూడేల వంటి చోట్ల చదువుకు సెల్‌ఫోను సంకేతమే అడ్డంకి అయింది. ఒకనాడు బస్సు రాకపోతే ఆగిన చదువు, ఈనాడు సిగ్నలు అందకపోతే ఆగింది.

2021–22లో డిగ్రీ విద్యను ప్రభుత్వం ఆంగ్ల మాధ్యమంలోకి మార్చింది. ఉద్యోగావకాశాలకు ఆంగ్లం అవసరమన్న వాదనలో బలముంది. అయితే అర్ధశతాబ్దం క్రితం తెలుగు పాఠ్యగ్రంథాలు ఏ అవసరాన్ని తీర్చడానికి వచ్చాయో, ఆ అవసరం పల్లెటూరి విద్యార్థికి నేటికీ పూర్తిగా తీరలేదు. 2022లో ఒంగోలు కేంద్రంగా ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణ పథకం ప్రారంభమైంది. బస్సు ఛార్జీకి వెనుకాడి కూతురి చదువు మానిపించిన తరానికి ఇది ఊహకందని మార్పు.

రెండు తరాల మాట

ఈ మార్పుల నడుమ ఇంటింటా ఒక సంవాదం వినిపిస్తుంది. “మా కాలంలో ఇన్ని సౌకర్యాలు యాడున్నాయి? లాంతరు ముందు చదివినాము” అని తాత అంటాడు. “మీకు పట్టా వస్తే ఉద్యోగం వచ్చేది తాతా, మాకు పట్టా వచ్చినాకనే పరీక్షలు మొదలైతాయి” అని మనవరాలు బదులిస్తుంది. ఇద్దరి మాటల్లోనూ సత్యముంది. తాత ఎరిగినది చేరుకోవడంలోని కష్టం. మనవరాలు ఎరిగినది నిలదొక్కుకోవడంలోని కష్టం. ఒక తరం తన కష్టాన్నే కొలబద్దగా చేసికొని రెండవ తరాన్ని కొలిచినప్పుడు అపార్థం పుడుతుంది.

నేటి విద్యార్థి తాతకు దొరకని స్వేచ్ఛను పొందాడు. ఏ కోర్సు చదవాలో, ఏ నగరంలో బ్రతకాలో ఎన్నుకొనే అవకాశం అతనికి ఉంది. కులభేదం, లింగభేదం పూర్తిగా తొలగకపోయినా, తరగతిగదిలో వాటి పట్టు సడలింది. అదే సమయంలో, ఒకే గదిలో కూర్చున్న నలుగురు మిత్రులు నాలుగు తెరలు చూస్తూ మౌనంగా ఉండటం కూడా ఈ కాలపు దృశ్యమే. సమాచారం చేతి దూరంలో ఉంది. ఒక పుస్తకంతో గంటసేపు ఏకాంతంగా గడిపే ఓపిక మాత్రం దూరమవుతోంది.

ఒక్క విషయంలో తరాలన్నీ కలుస్తాయి. తొలి తరం చదువుకోసం ఊరు విడిచింది. నేటి తరం చదువు ముగించి ఊరు విడుస్తోంది. హైదరాబాదు, బెంగళూరు వెళ్లే బస్సులలో ఈ ప్రాంతపు పట్టభద్రులు, వలసకూలీలు పక్కపక్కన కూర్చొని ప్రయాణిస్తారు. కళాశాలలు దగ్గరైనంత మాత్రాన ఒక ప్రాంతం అభివృద్ధి చెందదని, చదివినవారికి అక్కడ పని, సాగుకు నీరు కూడా ఉండాలని ఆ ప్రయాణం బోధిస్తుంది.

కాబట్టి తరాలమధ్య మార్పును పరిశీలించేటప్పుడు ఏ కాలం గొప్పదన్న ప్రశ్నకంటె, ఏ అడ్డంకి తొలగింది, ఏది మిగిలింది అన్న ప్రశ్న ప్రయోజనకరం. పెద్దల అనుభవాన్ని అడిగి తెలుసుకోవడం విద్యార్థి ధర్మం. పిల్లల ఆందోళనను తేలికచేయక ఆలకించడం పెద్దల ధర్మం. ముందటి తరం మోసిన ట్రంకుపెట్టె బరువు తెలిసినవారే తమ చేతిలోని తేలికైన ఫోనును సార్థకంగా వినియోగించుకోగలరు.

పదాలు – అర్థాలు

మెట్ట = వర్షాధారమైన సాగుభూమి
ప్రయాస = శ్రమ
ఇరుసు = బండి చక్రాలకు ఆధారమైన కడ్డీ
కుదువపెట్టు = తాకట్టు పెట్టు
కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
సంవాదం = పరస్పర సంభాషణ

ప్రశ్నలు

1. తొలి తరం విద్యార్థులు కళాశాల విద్యకోసం ఎదుర్కొన్న ఇబ్బందులను వివరించండి.
2. కళాశాల ఊరికి దగ్గరకావడం బాలికల చదువుకు ఎట్లా తోడ్పడింది?
3. ‘చేరుకోవడంలోని కష్టం, నిలదొక్కుకోవడంలోని కష్టం’ అనే మాటలను సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ కుటుంబంలోని ఒక పెద్దవారిని వారి చదువునాటి విశేషాలు అడిగి తెలుసుకొని, మీ కళాశాల జీవితంతో పోల్చుతూ ఒక వ్యాసం రాయండి.