మూడో కాలు

పక్కింటి వదిన కొత్త ఇస్త్రీ పెట్టె కొన్నది. ప్లగ్గుకు మూడు కాళ్లు. గోడ మీది బోర్డుకు రెండే కన్నాలు.

"మూడో కాలు విరగ్గొడితే సరి!" అంది వదిన.

"వద్దు వదినా! ప్రాణం కాపాడేది అదే" అన్నాను.

రెండు కాళ్ల గుండా కరెంటు వచ్చి పోతుంది. మూడోది ఎర్తు. ఇది లావుగా, పొడవుగా ఉంటుంది. ప్లగ్గు పెట్టేటప్పుడు ముందు ఇదే తగులుతుంది. తీసేటప్పుడు చివర ఇదే ఊడుతుంది.

పెట్టె లోపల తీగ ఊడి రేకుకు తగిలిందనుకోండి. రేకంతా కరెంటే! ఎర్తు ఉంటే ఆ కరెంటు ఆకుపచ్చ తీగ గుండా భూమిలోకి పోతుంది. ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్తు లేకపోతే? ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. మనిషి చనిపోవచ్చు.

బోర్డుకు మూడు కన్నాలు ఉంటే చాలదు. వెనక ఎర్తు తీగ కలపాలి. ఆ తీగ ఇంటి బయట గుంటలో పాతిన పైపు దాకా పోవాలి. గుంటలో బొగ్గు, ఉప్పు వేస్తారు. ఎండాకాలం అందులో నీళ్లు పోయాలి. నేల ఎండితే ఎర్తు సరిగా పనిచేయదు.

బోర్డు మనం విప్పకూడదు. పని తెలిసిన మనిషిని పిలవాలి. మెయిను ఆపించాలి. "ఎర్తు కలిపావా?" అని అడగాలి.

వదిన అడిగింది. బోర్డు మార్పించింది.

మీ ఇంట్లో ఎర్తు ఉందా? ఈ రోజే చూడండి.