స్క్రీన్ ఆరిపోతే తప్పు మీది కాదమ్మా

చెల్లెమ్మలూ, ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి దాకా ఆరు వరసల రోడ్డు పడ్డాక మన వైపు స్టీరింగ్ పట్టుకునే ఆడవాళ్లు పెరిగారు. లా యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్లు, వంగలిలో పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లేవాళ్లు, స్టీల్ ప్లాంటు వైపు డ్యూటీలకి పరుగెత్తేవాళ్లు. వీళ్లలో కరెంటు కార్లు కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. బంకు దగ్గర ఆగే పని లేదు, క్లచ్ తొక్కి తొక్కి మోకాలు పట్టేయదు, రాత్రి ఇంట్లో ప్లగ్ పెట్టేస్తే పొద్దున్నకి బండి సిద్ధం. చూస్తుంటే నాకెంతో ముచ్చటేస్తుంది. అందుకే ఈ సంగతి మీతో దాచకుండా మాట్లాడాలనిపించింది.

నాకు చెల్లెలి వరసయ్యే అమ్మాయి ఒకతి ఈ రోడ్డు మీదే రోజూ కరెంటు కారులో ఉద్యోగానికి వెళ్లేది. ఓ సాయంత్రం ఇంటికొస్తుంటే, వెనకాల ట్రాలర్ తరుముకొస్తున్న సమయంలో, ఎదురుగా ఉన్న స్క్రీన్ టప్పున ఆరిపోయింది. "స్పీడెంతో తెలీదు, చార్జింగెంతుందో తెలీదు, బండి మాత్రం ఎలిపోతంది. కాళ్లూ చేతులూ చల్లబడిపోనాయి అక్కా" అంది. ఎలాగో పక్కకి తీసి ఆపింది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే స్క్రీన్ ఏమీ ఎరగనట్టు వెలిగింది. మర్నాడు సర్వీస్ సెంటర్‌కి వెళ్తే అక్కడ కుర్రాడు, "మీరేదో నొక్కేసుంటారు మేడమ్" అన్నాడు. ఆ తర్వాత వాళ్లాయన వెళ్లి అడిగితే ల్యాప్‌టాప్ తగిలించి, "అప్‌డేట్ వేసేశాం సార్, ఇక రాదు" అన్నారట. ఏం తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందో కాగితం మీద ఒక్క ముక్క లేదు. ఆ పిల్ల అప్పటినుంచి హైవే ఎక్కడం మానేసి మళ్లీ ఆటో కోసం సబ్బవరం జంక్షన్‌లో నిలబడుతోంది. తప్పు తనదేనని నమ్మేసింది. నాకు కడుపు రగిలింది అక్కడే.

మీరేదో నొక్కితే స్పీడు చూపించే స్క్రీన్ ఆరిపోదమ్మా. ఆరిపోయేలా ఉంటే అది కూడా బండి తయారీలో లోపమే. ఇది నా సొంత కవిత్వం కాదు, కంపెనీలే ఒప్పుకున్న సంగతి. మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడ తయారయ్యే కారెన్స్ కార్లను 2023 జూన్‌లో ఆ కంపెనీ వెనక్కి పిలిపించింది. ఒకటీ రెండూ కాదు, 30,297 కార్లు. 2022 సెప్టెంబరు నుంచి 2023 ఫిబ్రవరి మధ్య తయారైనవి. కారణమేమిటంటే, బండి ఆన్ చేయగానే డిజిటల్ మీటరు మొదలయ్యే పద్ధతిలో పొరపాటుండి, కొన్నిట్లో మీటరు ఖాళీగా ఉండిపోవచ్చని. ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్చి ఇచ్చారు. అవి పెట్రోలు, డీజిలు బండ్లే అనుకోండి. కానీ అదే ఫ్యాక్టరీ నుంచి 2025 జులైలో కారెన్స్ క్లావిస్ ఈవీ కూడా వచ్చింది, దాంట్లో రెండు తెరలు కలిసి 26 అంగుళాలకు పైనే. ముల్లు తిరిగే మీటర్లు పోయి అంతా తెరల మీదికి వస్తున్నప్పుడు ఈ జబ్బు ఏ బండికైనా రావచ్చు. కియా తనంతట తాను పిలిచి బాగుచేసినందుకు నేనైతే మెచ్చుకుంటాను. దాచిపెట్టి, "మీరేదో నొక్కేసుంటారు" అనడం కంటే వెయ్యి రెట్లు నయం.

అమెరికాలో టెస్లా కథ ఇంకా పెద్దది. 2021లో సుమారు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. లోపల 8 జీబీ మెమరీ చిప్ ఒకటి ఉంటుంది. బండి నడుస్తున్నంతసేపూ దాంట్లో ఏదో ఒకటి రాస్తూ చెరుపుతూ ఉంటుంది కంప్యూటర్. ఇన్ని వేలసార్లు రాసి చెరిపితే ఆ చిప్ అరిగిపోతుంది. ఐదారేళ్లకి అరిగిపోయి పెద్ద తెర చచ్చిపోయేది. దాంతో పాటే వెనక కెమెరా, అద్దం మీద మంచు పోగొట్టే మీటలు, ఇండికేటర్ వేసినప్పుడు వచ్చే టిక్ టిక్ చప్పుడూ పోయేవి. అలాంటి భాగం బండి ఉన్నన్నాళ్లూ పనిచేయాలనుకోవడం సరికాదని కంపెనీ వాదించింది. అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఊరుకోలేదు, ఇది ప్రాణాల సంగతి, మార్చి ఇవ్వండి అని గట్టిగా పట్టుబట్టింది. మరుసటేడు 2022లో మళ్లీ సుమారు 1,30,000 టెస్లాలు. ఫాస్ట్ చార్జింగ్ పెడుతున్నప్పుడు లోపలి కంప్యూటర్ వేడెక్కి తెర నత్తనడక నడవడమో, ఆరిపోవడమో. 2024లో అయితే బ్రేకు, పార్కింగ్ హెచ్చరిక అక్షరాలు ఉండాల్సిన దానికంటే చిన్నగా ఉన్నాయని దాదాపు 22 లక్షల టెస్లాలకి సాఫ్ట్‌వేర్ మార్చారు. అక్షరం సైజు తగ్గితేనే అక్కడ భద్రతా లోపమని రాసుకున్నారు. మన దగ్గర తెర మొత్తం ఆరిపోతే మేడమ్‌దే తప్పంటారు!

అదే 2024లో వోల్వో కూడా తన ఈఎక్స్30 కార్లు దాదాపు 72,000 వెనక్కి పిలిచింది. ఆ కారులో డ్రైవర్ ఎదురుగా వేరే మీటరే ఉండదు, స్పీడుతో సహా అన్నీ మధ్యలో ఉన్న ఒకే తెర మీద. స్టార్ట్ చేయగానే ఆ తెర ఏదో పరీక్ష మోడ్‌లోకి వెళ్లిపోయి స్పీడు చూపించేది కాదు. కొనేముందు ఒక్కటి గుర్తుంచుకోండి. స్పీడుకి వేరే తెర, పాటలకీ మ్యాపుకీ వేరే తెర ఉన్న బండి నయమని నా గట్టి అభిప్రాయం. ఒకటి ఆరితే రెండోదైనా ఉంటుంది.

స్పీడు సంగతి ఎందుకింత నొక్కి చెప్తున్నానంటే, పాత బండిలో ఇంజిన్ రొదని బట్టి, మూడో గేరా నాలుగో గేరా అన్నదాన్ని బట్టి వేగం ఒంటికే తెలిసేది. కరెంటు కారులో చప్పుడు లేదు, గేర్లు లేవు, అరవై అయినా తొంభై అయినా ఒకేలా జారిపోతుంది. గంటకి 80 కిలోమీటర్ల వేగమంటే ఒక్క సెకనుకి 22 మీటర్లు. ఆరిన తెర వైపు మూడు సెకన్లు చూశామంటే ఓ అరవై ఆరు మీటర్లు కళ్లు మూసుకుని వెళ్లినట్టే. సబ్బవరం దగ్గర హైవే మీదికి పక్కదారుల నుంచి బైకులు, గేదెలు, ట్రాక్టర్లు ఎలా ఎక్కుతాయో మీకు చెప్పక్కర్లేదు. 2019 జులై నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ 80 దాటితే బీప్ కొట్టే ఏర్పాటు తప్పనిసరి చేశారు. తెర పోయినప్పుడు ఆ బీప్ వస్తుందో రాదో మీ బండి గురించి సర్వీస్ వాళ్లని ముందే అడిగి తెలుసుకోండి.

మరి నిజంగా ఆరిపోతే? ముందు ఇది మనసులో పెట్టుకోండి, బ్రేకులూ స్టీరింగూ ఆ తెర మీద ఆధారపడి ఉండవు. వాటి కంప్యూటర్లు వేరు. అందుకే తెర నల్లబడ్డా బండి మామూలుగానే పోతుంటుంది, బ్రేకు తొక్కితే ఆగుతుంది. కంగారుపడి ఒక్కసారిగా బ్రేకు తొక్కకండి, వెనక లారీ ఉంటుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయండి. కరెంటు కారు అలా తీయగానే దానంతటదే నెమ్మదిస్తుంది. పార్కింగ్ లైట్ల బటన్, అంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించేది, వేలికి తగిలేలా ఎక్కడుందో రేపే ఓసారి చూసుకుని పెట్టుకోండి. అది వేసి ఎడమ పక్కకి వచ్చి, రోడ్డు అంచు దాటి ఆపండి. ఆగాక హ్యాండ్‌బ్రేక్ పడిందో లేదో చూసుకోండి, ఎందుకంటే డీలో ఉందో ఆర్‌లో ఉందో చెప్పే అక్షరం కూడా ఆ తెర మీదే కదా. నడుస్తుండగా మాత్రం తెరని రీస్టార్ట్ చేయాలని చూడొద్దు, వేళ్లతో పొడుస్తూ కూర్చోవద్దు. బండి కదలకపోతే 1033కి ఫోన్ చేయండి, జాతీయ రహదారి మీద సాయానికి అది హెల్ప్‌లైన్.

ఇంకో చిన్న సంగతి, చాలామందికి తెలియనిది. కరెంటు కారులో నేల కింద పెద్ద బ్యాటరీతో పాటు మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. తెర, తలుపు తాళాలు, కంప్యూటర్లు దాని మీదే బతుకుతాయి. అది నీరసిస్తే ఎర్రదీపాలూ పచ్చదీపాలూ అన్నీ కలగాపులగంగా వెలుగుతాయి, తెర ఆరుతుంది, కొన్నిసార్లు బండే ఆగిపోతుంది. 2024 జూన్‌లో హ్యుందాయ్ మన దేశంలో 1,744 ఐయోనిక్ 5 కార్లను, జులైలో కియా 1,138 ఈవీ6 కార్లను వెనక్కి పిలిచింది ఇలాంటి కారణానికే. చార్జింగ్ నడిపించే యూనిట్‌లో తేడా వల్ల ఆ చిన్న బ్యాటరీ దిగిపోవచ్చని. అందుకని తెర పిచ్చిగా ప్రవర్తిస్తే "12 వోల్ట్ బ్యాటరీ టెస్ట్ చేసి రీడింగ్ రాసివ్వండి" అని అడగండి. ఆ ఒక్క మాట అడిగితే చాలు, కౌంటర్ దగ్గర మీతో మాట్లాడే తీరు మారిపోతుంది.

తెరల మీద మీటలన్నీ పెట్టేయడం కూడా నాకు నచ్చదు. స్వీడన్‌లో వీ బీలాగరే అనే కార్ల పత్రిక 2022లో ఒక పరీక్ష పెట్టింది. 110 కిలోమీటర్ల వేగంతో పోతూ ఏసీ, రేడియో లాంటి నాలుగు పనులు చేయమంటే, 2005 నాటి పాత వోల్వో బటన్లతో పది సెకన్లలో అయిపోయాయట. ఎంజీ మార్వెల్ ఆర్ అనే కొత్త తెర బండిలో దాదాపు 45 సెకన్లు, ఆలోగా బండి కిలోమీటరుకు పైగా వెళ్లిపోయింది. ఇండికేటర్లు, హారన్, వైపర్లు, పార్కింగ్ లైట్లు, ఎస్ఓఎస్ పిలుపు, వీటికి చేత్తో నొక్కే మీటలు లేకపోతే 2026 నుంచి పూర్తి మార్కులు ఇచ్చేది లేదని యూరప్‌లో కార్ల భద్రతకి స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్ తేల్చింది. షోరూమ్‌లో తెర ఎంత పెద్దదో చూపించి మురిపిస్తారు. మీరు వైపర్ మీట, అద్దం మీద ఆవిరి పోగొట్టే మీట ఎక్కడున్నాయో అడగండి. శీతాకాలం పొద్దున్నే పొగమంచులో మనకి కావాల్సినవి అవే.

ఇక సర్వీస్ సెంటర్ దగ్గరికి వద్దాం, అసలు యుద్ధం అక్కడే. తెర ఆరినప్పుడు పక్కన ఎవరైనా ఉంటే వాళ్ల చేత వీడియో తీయించండి. లేకపోతే ఆపాక మీరే తీయండి. తేదీ, టైము, కిలోమీటర్ల రీడింగ్, అప్పుడు ఏసీ నడుస్తోందా, ఫోన్ కనెక్ట్ అయి ఉందా, అంతకుముందు ఫాస్ట్ చార్జింగ్ పెట్టారా, అన్నీ రాసుకోండి. జాబ్ కార్డులో "కస్టమర్ కంప్లైంట్" అన్న చోట మీ మాటల్లోనే రాయించండి, "జనరల్ చెకప్" అని రాస్తే సంతకం పెట్టకండి. సాఫ్ట్‌వేర్ మార్చారంటే పాత వెర్షన్ ఏది, కొత్త వెర్షన్ ఏది అని బిల్లు మీద అడగండి. ఇంట్లో మగవాళ్లని పంపితే పని త్వరగా అవుతుందనుకోవద్దు. బండి నడిపింది మీరు, చూసింది మీరు, చెప్పాల్సిందీ మీరే.

వినకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అయినా కదలకపోతే విశాఖలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, మీరుండే చోటే కేసు వేసుకునే హక్కు 2019 చట్టం ఇచ్చింది. రెండేళ్లలోపు వేయాలి. లాయరు ఖర్చుకి భయపడుతున్నారా? ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకి ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలోనే ఉంది, 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఒకటుంది. మోటారు వాహనాల చట్టంలో 110ఏ అనే సెక్షన్ 2019 సవరణతో వచ్చింది. డ్రైవర్‌కో, లోపల కూర్చున్నవాళ్లకో, రోడ్డు మీద పోయేవాళ్లకో హాని చేసే లోపం ఉందని నిర్ణీత శాతం మంది ఫిర్యాదు చేస్తే, ఆ బండ్లన్నిటినీ వెనక్కి పిలవమని కేంద్ర ప్రభుత్వమే కంపెనీని ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ నుంచి దానికి నియమాలు వచ్చాయి, ఏడేళ్ల లోపు వయసున్న బండ్లకి వర్తిస్తాయి, కంపెనీకి జరిమానా కోటి రూపాయల దాకా పడవచ్చు. ఫిర్యాదు వాహన్ పోర్టల్‌లోనే నమోదు చేయాలి. కౌంటర్ దగ్గర నోటితో చెప్పిన మాట ఆ లెక్కలోకి రాదు, పోర్టల్‌లో రాసిందే వస్తుంది. మీ కారు తెర ఒక్కసారి ఆరినా సరే, "మళ్లీ వెలిగింది కదా" అని వదిలేయకుండా ఆ ఫిర్యాదు నమోదు చేయండి. మీ పేరుతోనే చేయండి.