గవర్నరు నుంచి రాష్ట్రపతి దాకా: వి.వి.గిరి

ఆలమూరు సర్పంచిని మనం ఓటు వేసి ఎన్నుకుంటాం. కొత్తపేట ఎమ్మెల్యేని, అమలాపురం ఎంపీని కూడా మనమే ఎన్నుకుంటాం. మరి గవర్నరుని? గవర్నరుకి ఎవరూ ఓటు వేయరు. రాష్ట్రపతి నియమిస్తారు. పేరుకి రాష్ట్రానికి పెద్ద గవర్నరే. కాని పాలన నడిపేది ముఖ్యమంత్రి.

మన తెలుగాయన ఒకరు మూడు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశారు. తరువాత దేశానికే రాష్ట్రపతి అయ్యారు. ఆయన పేరు వరాహగిరి వెంకటగిరి. అందరూ వి.వి.గిరి అంటారు.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. అప్పుడు మద్రాసు సర్కారు కింద ఉండేది. తండ్రి జోగయ్య పంతులు ప్లీడరు. తల్లి సుభద్రమ్మ. ఈమె గురించి చెప్పుకోవాలి. గాంధీగారి ఉద్యమంలో సారా, కల్లు వద్దంటూ ముందు నిలబడ్డారు. పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకునే ఆడవాళ్ళు సారా ఆపించారు కదా! వాళ్ళకంటే అరవై ఏళ్ళ ముందు మాట ఇది.

గిరి లా చదవడానికి 1913లో ఐర్లాండు వెళ్ళారు. ఆ దేశం కూడా అప్పుడు ఇంగ్లీషువాళ్ళ చేతిలోనే ఉంది. 1916లో అక్కడి జనం తిరగబడ్డారు. గిరికి వాళ్ళతో సంబంధం ఉందని దేశం వదిలి పొమ్మన్నారు. తిరిగి వచ్చి మద్రాసులో ప్లీడరయ్యారు. గాంధీగారి పిలుపు విని ఆ పని వదిలేశారు. 1922లో మద్యం దుకాణాల ముందు నిలబడి జైలుకి వెళ్ళారు.

తరువాత కూలి జనంలోకి వెళ్ళారు. రైల్వే కార్మికులకు దేశమంతటికీ ఒక సంఘం పెట్టారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనివాళ్ళను తీసేశారు. గిరి సమ్మె చేయించారు. ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. కంపెనీ దిగి వచ్చింది. ఇంట్లో భార్య సరస్వతీబాయి. పద్నాలుగు మంది పిల్లలు. ఆయన సమ్మెలంటూ ఊళ్ళు తిరుగుతుంటే ఇల్లు ఎవరు నెట్టుకొచ్చారో వేరే చెప్పాలా?

1937 ఎన్నికల్లో ఆయన బొబ్బిలి రాజాగారి మీద పోటీ చేశారు. రాజాగారు మద్రాసు సర్కారుకి పెద్దగా ఉన్నవారు. అయినా గిరి గెలిచారు. కార్మిక మంత్రి అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఢిల్లీలో కూడా కార్మిక మంత్రి అయ్యారు. రెండేళ్ళకు ఒక చిక్కు వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. ప్రభుత్వం ఆ తీర్పుని మార్చింది. అలా మార్చడం తప్పు అన్నారు గిరి. 1954లో మంత్రి పదవి వదిలేశారు.

1957లో ఎంపీగా పోటీ చేసి ఓడిపోయారు. ఆ ఏడే ఉత్తరప్రదేశ్‌కి గవర్నరుగా పంపారు. అక్కడి నుంచి కేరళ. ఆపైన మైసూరు. ఇప్పుడు దాన్ని కర్ణాటక అంటున్నాం. మొత్తం పదేళ్ళు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ చనిపోయారు. కొత్త రాష్ట్రపతి వచ్చేదాకా గిరి ఆ పని చూశారు. జులై 19న 14 పెద్ద బ్యాంకుల్ని ప్రభుత్వం తీసుకునే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టారు. మనకు తెలిసిన కెనరా బ్యాంకు, ఇండియన్ బ్యాంకు అందులోవే. మర్నాడే రాజీనామా చేశారు. ఎందుకు? రాష్ట్రపతి పదవికి పోటీ చేయడానికి. పార్టీ ఏదీ లేకుండా నిలబడ్డారు.

కాంగ్రెస్ పార్టీ నిలబెట్టినది నీలం సంజీవరెడ్డిగారిని. ఆయనా తెలుగాయనే! కాని ప్రధాని ఇందిరాగాంధీకి అది ఇష్టం లేదు. ఎవరి మనసుకు తోచినట్టు వాళ్ళు ఓటు వేయండి అన్నారు.

ఈ ఎన్నికలో మనం నేరుగా ఓటు వేయం. ఎంపీలు, ఎమ్మెల్యేలు వేస్తారు. ఎమ్మెల్యే ఓటు విలువ ఆ రాష్ట్రం జనాభాని బట్టి ఉంటుంది. ఓటరు ఒక్క పేరే కాదు, రెండో ఇష్టం ఎవరో కూడా రాయొచ్చు. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటలేదు. రెండో ఇష్టాలు కలిపాక గిరికి 4,20,077 వచ్చాయి. సంజీవరెడ్డిగారికి 4,05,427. గిరి గెలిచారు. ఆ ఎన్నిక చెల్లదని కొందరు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. రాష్ట్రపతి అయివుండి కూడా గిరి కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో ఆ కేసు కొట్టేశారు.

ఒక సంగతి మాత్రం బాధ కలిగిస్తుంది. 1974 మేలో దేశమంతటా రైల్వే కార్మికులు సమ్మె చేశారు. ప్రభుత్వం వేలమందిని జైల్లో పెట్టి సమ్మెను అణచివేసింది. అప్పుడు రాష్ట్రపతి గిరిగారే. ఒకప్పుడు రైల్వే సంఘం పెట్టిన ఆయనే! మంత్రిగా ఉన్నప్పుడు పదవి వదిలేసి వచ్చారు. ఈసారి అలా రాలేదు. ఆ ఆగస్టులో పదవీకాలం ముగిసింది.

1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్‌లో మద్రాసులో చనిపోయారు. కార్మికుల సంగతులు పరిశోధించే జాతీయ సంస్థ ఒకటి నోయిడాలో ఉంది. దానికి ఆయన పేరు పెట్టారు.

గవర్నరు చేసి రాష్ట్రపతి అయిన ఆడవాళ్ళూ ఉన్నారు. ప్రతిభా పాటిల్ రాజస్థాన్ గవర్నరు. 2007లో రాష్ట్రపతి అయ్యారు. ద్రౌపది ముర్ము జార్ఖండ్ గవర్నరు. 2022లో రాష్ట్రపతి అయ్యారు.

ఇప్పుడు పలక తీయండి. మన ఎమ్మెల్యే పేరు, మన ఎంపీ పేరు రాయండి. రాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేసేది ఇలా మనం పంపినవాళ్ళే.