‘నిటారుగా కూర్చో’ అనే ముందు: పిలాటిస్ తొలి పాఠం



గత టర్మ్‌లో ఒక రోజు, సెవెన్త్ క్లాసులో చివరి పీరియడ్. అలవాటు కొద్దీ "వంగి కూర్చోకండి, నిటారుగా కూర్చోండి" అన్నాను. రెండో బెంచీ నుంచి ఒక అమ్మాయి చాలా మర్యాదగా, "మేడం, మీరు కూడా వంగే నిల్చున్నారు" అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికెళ్లి అద్దంలో పక్క నుంచి చూసుకుంటే ఆ పిల్ల చెప్పింది నిజమే. భుజాలు ముందుకు పడిపోయాయి, మెడ తాబేలు మెడలా ముందుకొచ్చింది. నాకింకా ముప్పై నిండలేదు.

కారణం కోసం దూరం పోనక్కర్లేదు. పగలంతా నిలబడి పాఠాలు, రాత్రి మంచం మీద కూర్చుని నోట్‌బుక్కులు దిద్దడం, మధ్యలో ఫోన్. పేరెంట్స్ మీటింగులో మీతో మాట్లాడుతుంటే మీలో చాలామందిదీ ఇదే కథ అనిపిస్తుంది. ఆదిబట్ల వైపు కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లు, ఇబ్రహీంపట్నం నుంచి ఎల్బీనగర్ దాకా సాగర్ రోడ్డు మీద రోజూ బండి మీద వెళ్లొచ్చేవాళ్లు, షాపులో గల్లా దగ్గర పొద్దంతా కూర్చునేవాళ్లు, ఎవరిని అడిగినా నడుము సంగతి వస్తుంది. పాతకాలం వాళ్లకు ఈ బాధ లేదంటారు గానీ నేను ఒప్పుకోను. రోజంతా వంగి నాట్లు వేసిన మా నానమ్మ నడుము నొప్పి మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఇది చదువుతూనే నిటారుగా కూర్చోండి. రెండు నిమిషాల్లో మీకు తెలియకుండానే మళ్లీ వంగుతారు. మీ పిల్లలూ అంతే. అది మొండితనం కాదు, వెన్నును నిలబెట్టే కండరాలకు అంత సేపు పనిచేసే ఓపిక లేకపోవడం. పొట్ట చుట్టూ నడుం పట్టీలా ఉండే లోపలి కండరం, వెన్నుపూసల పక్కన ఉండే చిన్న చిన్న కండరాలు, పైన ఊపిరి తీసే పొర, కింద కటి భాగాన్ని మోసే కండరాలు. ఈ నాలుగూ కలిసి పనిచేస్తే వెన్ను నిలుస్తుంది. పిలాటిస్ ముఖ్యంగా పని పెట్టేది వీటికే.

పిలాటిస్ అనగానే సినిమా తారలు స్ప్రింగులున్న మంచం లాంటి మిషన్ మీద చేసే వీడియోలు గుర్తొస్తాయి. నిజానికి ఇది ఒక మనిషి ఇంటిపేరు. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడు ఆస్తమాతో, రికెట్స్‌తో బాధపడిన బలహీనుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో ఉన్నందుకు, జర్మన్ అనే కారణంతో నిర్బంధ శిబిరంలో పెట్టారు. తోటి ఖైదీలతో నేల మీద వ్యాయామాలు చేయించాడు. మంచం పట్టినవాళ్ల కోసం మంచాలకే స్ప్రింగులు బిగించాడని చెబుతారు. ఆ మిషన్ కథ అక్కడ మొదలైందంటారు. 1926లో న్యూయార్క్ చేరి స్టూడియో పెట్టాడు, దెబ్బలు తగిలిన డాన్సర్లు ఆయన దగ్గరికి వచ్చేవారు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ. 1945లో వచ్చిన ఆయన పుస్తకంలో 34 వ్యాయామాలు ఉన్నాయి, అన్నీ నేల మీద చేసేవే. అంటే మనకు కావలసింది ఒక చాప, దాని మీద మడతపెట్టిన దుప్పటి. మంచం మీద చేయవద్దు, పరుపు కుంగుతుంది. తిన్నాక రెండు గంటలు ఆగాలి.

నేను చేసిన తప్పు ముందే చెబుతాను. మొదటి రోజే ఫోన్‌లో వీడియో పెట్టుకుని ‘హండ్రెడ్’ చేశాను. తల, కాళ్లు గాల్లోకి లేపి, చేతులు ఊపుతూ వంద లెక్కపెట్టే వ్యాయామం అది. మూడు రోజులు మెడ తిప్పలేకపోయాను. పొట్టలో బలం లేనప్పుడు ఆ బరువంతా మెడ మోస్తుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మీరు ఆ మొదటి నుంచే మొదలుపెట్టండి.

ముందు శ్వాస. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి, పాదాలు నేలకు ఆనాలి, రెండింటి మధ్య జానెడు ఎడం. అరచేతులు పక్కటెముకల కింది భాగం మీద పెట్టుకోండి. ముక్కుతో గాలి పీలిస్తే చేతులు పక్కలకు జరగాలి, భుజాలు చెవుల వైపు లేవకూడదు. తర్వాత వేడి టీ ఊదినట్టు నోటితో మెల్లగా వదలండి. వదిలేటప్పుడు బొడ్డు కింది భాగాన్ని కొద్దిగా లోపలికి లాగండి, బిగుతు ప్యాంటు జిప్పు పెట్టుకునేటప్పుడు లాగినంత, అంతకు మించి వద్దు. ఇలా ఎనిమిది సార్లు. ఇదేం వ్యాయామం అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ మిగతావన్నీ దీని మీదే నిలుస్తాయి. మొదటి వారం ఇదొక్కటే చేసినా నష్టం లేదు.

అదే భంగిమలో నడుము కింద కొంచెం ఖాళీ ఉంటుంది. శ్వాస వదులుతూ నడుమును చాపకు అదమండి, పీలుస్తూ వదిలేయండి. ఈ రెండింటి మధ్య హాయిగా అనిపించే చోటు ఒకటి దొరుకుతుంది. వెన్ను సహజంగా ఉండే చోటు అదే. ఇక అక్కడి నుంచి ఒక కాలిని, మోకాలు మడిచే ఉంచి, మోకాలు తుంటికి సరిగ్గా పైకి వచ్చేదాకా ఎత్తి, దించండి. తర్వాత రెండోది. నడుము కదలకూడదు. పిల్లలతో చేయించేటప్పుడు పొట్ట మీద పల్చటి నోట్‌బుక్ పెట్టమంటాను, జారితే అవుట్. వాళ్లకు ఇదే ఆట.

వంతెన మీకు తెలిసే ఉంటుంది. శ్వాస వదులుతూ పిరుదులు, నడుము, వీపు ఒక్కో పూసగా లేపి, భుజాల నుంచి మోకాళ్ల దాకా ఒక గీతలా ఆపాలి. దిగేటప్పుడు కూడా ఒక్కో పూసే. ఆరు సార్లు చాలు. చివరగా బోర్లా పడుకుని, నుదురు చేతుల మీద ఆనించి, ఛాతీని నాలుగు వేళ్ల ఎత్తు మాత్రం లేపండి. చూపు చాప మీదే ఉండాలి. రోజంతా ముందుకు వంగేవాళ్లకు ఇది తప్పనిసరి. ఎక్కడైనా నొప్పి పొడిచినట్టు ఉంటే ఆపేయండి.

మొత్తం పదిహేను నిమిషాలు, వారానికి మూడు నాలుగు రోజులు. గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, నడుము నుంచి కాలిలోకి నొప్పి గానీ తిమ్మిరి గానీ దిగేవాళ్లు, ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టవద్దు. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగపట్టవద్దు.

యోగా ఉండగా ఇదెందుకని స్టాఫ్ రూమ్‌లోనే అడిగారు. యోగా చేస్తున్నవాళ్లు హాయిగా అదే చేయండి. నాలా ఏదీ చేయనివాళ్లకు, చిన్న కదలికలతో మొదలయ్యే ఈ పద్ధతి సులువుగా అందింది, అంతే. రెండు నెలల తర్వాత నా సంగతి: నడుము నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు. బరువు ఏమాత్రం తగ్గలేదు. బరువు కోసమైతే చెరువు కట్ట వైపు రోజూ గట్టిగా నడవడం మేలు.

పిల్లల విషయంలో ఇంకో మాట. 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాప మీది పదిహేను నిమిషాలు దానికి బదులు కాదు. పరీక్షలు దగ్గరపడితే గేమ్స్ పీరియడ్‌లో స్టడీ అవర్ పెట్టే అలవాటు మా టీచర్లకుంది. నేనూ ఆ పీరియడ్ అడిగి తీసుకున్నదాన్నే. మార్కులు అడిగినట్టే, ఈ వారం ఎన్ని గేమ్స్ పీరియడ్లు జరిగాయని కూడా మమ్మల్ని అడగండి. కాలనీలో ఆడుకునే గంటను ట్యూషన్‌కు ఇవ్వకుండా మీరూ చూడండి.

బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చెబుతుంది. 32 కిలోల పిల్లకు 3.2 కిలోలు. ఒకసారి తూకం వేసి చూడండి, మించితే డైరీలో రాసి పంపండి. రెండు పట్టీలూ భుజాలకు వేసుకోవాలి.

పది నుంచి పదిహేనేళ్ల మధ్య, పిల్లలు గబగబా ఎదిగే రోజుల్లో, చొక్కా తీసి (ఆడపిల్లలైతే అమ్మే చూడాలి) చేతులు వేలాడేసి ముందుకు వంగమనండి. వీపు ఒక పక్క ఎత్తుగా కనిపిస్తే, లేదా నిల్చున్నప్పుడు ఒక భుజం పైకి ఉంటే, అది వెన్ను పక్కకు వంగడం కావచ్చు. దాన్ని తిట్టి, వ్యాయామంతో సరిచేయబోకుండా ఎముకల డాక్టర్‌కు చూపించండి. ఎదుగుదల ఆగకముందే చూపిస్తే చేయగలిగేది ఎక్కువ.

ఈ నెల పేరెంట్స్ మీటింగు రోజు నా క్లాసు వెనక రెండు చాపలు వేసి ఉంచుతాను. సందేహాలుంటే అక్కడే చేసి చూద్దాం. చీరలో వచ్చినా ఫర్వాలేదు, శ్వాస పాఠం కుర్చీలో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు.