గ్రంథాలయానికి సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటున్నారా? చేయవలసినవి - చేయకూడనివి

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ దస్త్రాలు కాలిపోయాయి. కాలిన కాగితం తిరిగి రాదు. కంప్యూటర్లోకి ఎక్కించినంత మాత్రాన కాగితానికి రక్షణ దొరికినట్టు కూడా కాదు. తప్పు సాఫ్ట్‌వేర్‌లో చిక్కుకున్న పుస్తకమూ, చెడిపోయిన డిస్కులోని తాళపత్రమూ కాలిపోయినవాటితో సమానమే.

శాంతిపురం, కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల్లోని శాఖా గ్రంథాలయాలు, కళాశాల గ్రంథాలయాలు, బడులు, ఇంట్లో పాత ప్రతులు దాచుకున్న కుటుంబాలు కింది సూచనలు తప్పక పాటించండి. అన్నిటికీ మూలసూత్రం ఒక్కటే: సాఫ్ట్‌వేర్ పోయినా సమాచారం మీ చేతిలో మిగలాలి.

చేయవలసినవి

ఎంపిక

- మీ దగ్గర అచ్చు పుస్తకాలు, పాత పత్రికలు, తాళపత్రాలు, ఫొటోలు ఎన్నెన్ని ఉన్నాయో ముందు కాగితం మీద రాసుకోండి.
- పుస్తకాలు ఇచ్చి తీసుకునే పనికీ, స్కాన్ చేసిన ఫైళ్లు దాచే పనికీ వేర్వేరు సాఫ్ట్‌వేర్లు చూడండి.
- మొదటి పనికి కోహా, ఈ-గ్రంథాలయ, సోల్ మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చండి.
- రెండో పనికి డీస్పేస్, గ్రీన్‌స్టోన్‌లను పరిశీలించండి. ప్రదర్శనలాగా చూపించాలంటే ఒమేకాను చూడండి.
- ప్రభుత్వ గ్రంథాలయమైతే ముందుగా ఎన్ఐసీ వారి ఈ-గ్రంథాలయ గురించి జిల్లా గ్రంథాలయ సంస్థను అడగండి.
- కళాశాల గ్రంథాలయమైతే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ తయారుచేసిన సోల్ వివరాలు తెప్పించుకోండి.
- మీ సొంత పుస్తకాలు 100 తీసుకుని నెల రోజులు వాడి చూడండి.
- ఆ 100లో తమిళ, కన్నడ పుస్తకాలు కూడా కలపండి, ఎందుకంటే కుప్పం చుట్టుపక్కల మూడు భాషల పాఠకులూ ఉన్నారు.
- అదే సాఫ్ట్‌వేర్ ఉన్న మరో గ్రంథాలయానికి వెళ్లి, రోజూ దాని ముందు కూర్చునే ఉద్యోగినే అడగండి.
- బయటికి వచ్చే దారిని మొదటి నెలలోనే పరీక్షించండి: ఎక్కించిన వివరాలను మార్క్ 21 లేదా సీఎస్‌వీ ఫైలుగా తీసి, మరో సాఫ్ట్‌వేర్‌లో తెరవండి.
- నెట్ లేని రోజున కూడా పుస్తకం ఇవ్వగలరో లేదో చూసుకోండి.

తెలుగు అక్షరం

- యూనికోడ్ తెలుగును పూర్తిగా తీసుకునే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోండి.
- "క్షేత్రయ్య", "శ్రీనాథుడు", "కృష్ణశాస్త్రి" అని టైపు చేసి వెతకండి. ఒత్తులు విడిపోయినా, ఫలితం రాకపోయినా దాన్ని పక్కన పెట్టండి.
- "సాఫ్ట్‌వేర్" వంటి మాటను రెండు రకాలుగా టైపు చేసి వెతకండి, ఎందుకంటే మధ్యలో వచ్చే కనబడని విడదీత గుర్తు ఉన్న మాట, లేని మాట కంప్యూటర్‌కు వేరు వేరు.
- పేర్ల పట్టిక మన అకారాది వరుసలో వస్తోందో లేదో చూడండి.
- పుస్తకం పేరును తెలుగు లిపిలో ఒక గడిలో, రోమన్ లిపిలో మరో గడిలో రాయండి.
- రచయిత పేరుకు ఒకే రూపం ఖాయం చేయండి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకచోట ఇంటిపేరుతో, మరోచోట పొడి అక్షరాలతో ఉంటే ఇద్దరు మనుషులవుతారు.
- అను ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, మారిన ప్రతి పేజీనీ మనిషి చేత చదివించండి.
- టెసరాక్ట్ వంటి అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేర్‌ను మీ పాత పుస్తకాల మీదే పరీక్షించండి, ఎందుకంటే అరసున్న, బండి ర ఉన్న పాత అచ్చు దగ్గరే అది తడబడుతుంది.
- తాళపత్రం లిపి పోల్చుకోలేకపోతే కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయ అధ్యాపకులను అడగండి.

స్కానింగు, ఫైళ్లు

- మూల ప్రతిని టిఫ్ ఫైలుగా దాచండి. పాఠకులకు పీడీఎఫ్ ఇవ్వండి.
- అచ్చు పుస్తకాలను కనీసం 300 డీపీఐతో, తాళపత్రాలను 600 డీపీఐతో స్కాన్ చేయండి.
- డిస్కు కొనేముందు చోటు లెక్క కట్టండి: ఏ4 పేజీ 300 డీపీఐ రంగుల్లో, కుదించకుండా ఉంటే సుమారు 26 ఎంబీ అవుతుంది.
- ఆ లెక్కన 300 పేజీల పుస్తకానికి సుమారు 8 జీబీ కావాలని, 1 టీబీ డిస్కులో సుమారు 125 పుస్తకాలే పడతాయని గుర్తుంచుకోండి.
- ప్రతి ఫైలుకూ అక్సెషన్ నంబరు, పేజీ నంబరుతో పేరు పెట్టండి.
- పుస్తకం పేజీలు, స్కాన్ అయిన పేజీలు రెండూ లెక్కపెట్టి సరిచూడండి.
- ప్రతి ప్రతికీ కర్త, పేరు, తేదీ, భాష, హక్కులు వంటి డబ్లిన్ కోర్ అంశాలు 15 నింపండి.
- తేదీని, చోటును ఖాళీగా వదలకుండా నింపండి. "జనగణమన"కు టాగోర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లెలో ఇంగ్లిష్ అనువాదం చేశారని మనకు తెలిసింది ఆ రెండూ నమోదై ఉన్నందువల్లే.
- ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ తీసి భద్రపరచండి, ఎందుకంటే ఒక్క బిట్ చెడినా అదే పట్టిస్తుంది.

నకళ్లు, భద్రత

- మూడు నకళ్లు, రెండు రకాల సాధనాలు, ఒక నకలు మరో ఊళ్లో: ఈ లెక్క తప్పకండి.
- శాంతిపురం నకలును మదనపల్లెలో, పుంగనూరు నకలును కుప్పంలో దాచుకునేలా రాతపూర్వక ఏర్పాటు చేసుకోండి.
- ఒక నకలును ఏ కంప్యూటర్‌కూ, ఏ నెట్‌కూ కలపకుండా ఉంచండి. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగిన బ్రిటిష్ లైబ్రరీ కేటలాగు 2024 జనవరి దాకా నెట్‌లోకి తిరిగి రాలేదు.
- మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి ఒక పుస్తకాన్ని తీసి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తెరిచి చూడండి.
- సర్వర్‌కు యూపీఎస్ పెట్టండి, ఎందుకంటే కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఫైలు చెడిపోతుంది.
- అప్‌డేట్లు వెంటనే చేయండి, అయితే బ్యాకప్ తీశాకే చేయండి.
- పాస్‌వర్డులను సీలు వేసిన కవరులో పెట్టి, బీరువాలో దాచండి.
- కాగితం మీది అక్సెషన్ రిజిస్టర్‌ను కొనసాగించండి.

హక్కులు, ఒప్పందం

- రచయిత మరణించిన సంవత్సరాన్ని నమోదు చేయండి, ఎందుకంటే మన దేశంలో హక్కులు ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటాయి.
- ఉదాహరణకు 1960లో మరణించిన రచయిత పుస్తకానికి 2020 డిసెంబరు 31 దాకా హక్కులున్నట్టు లెక్కించండి.
- తాళపత్రాల యజమాని దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి.
- "సమాచారం గ్రంథాలయానిదే, అడిగిన వెంటనే మొత్తం ఇవ్వాలి" అన్న వాక్యాన్ని ఒప్పందంలో రాయించుకోండి.
- ఐదేళ్ల ఖర్చు లెక్క వేయండి: సర్వర్, ఏఎంసీ, శిక్షణ, డిస్కులు, చివర్లో మరో సాఫ్ట్‌వేర్‌కు మారే ఖర్చు.
- ఇద్దరికి శిక్షణ ఇప్పించండి, ఎందుకంటే ఒకరికి బదిలీ అయితే పని ఆగకూడదు.
- చేసే ప్రతి పనినీ వరుసగా తెలుగులో రాసి, బల్ల మీద ఉంచండి.

చేయకూడనివి

ఎంపిక

- "ఉచితం" అన్న మాట విని నిర్ణయించకండి. ఓపెన్ సోర్స్‌కు కూడా సర్వర్, శిక్షణ, చూసుకునే మనిషి కావాలి.
- ధర ఎక్కువైతే మంచిదని నమ్మకండి. నేడు దేశదేశాల్లో వాడుతున్న కోహా 1999లో న్యూజిలాండ్‌లోని ఒక చిన్న ప్రాంతీయ గ్రంథాలయం కోసం పుట్టింది.
- డెమో చూసి సంతకం చేయకండి, ఎందుకంటే డెమోలో కనిపించేవి అమ్మేవారు ఏరి పెట్టిన పుస్తకాలు.
- పక్క ఊళ్లో పెట్టారని మీరూ పెట్టకండి.
- ఒక్క మనిషి రాసిచ్చిన సాఫ్ట్‌వేర్ మీద గ్రంథాలయమంతా ఆధారపడనివ్వకండి.
- వివరాలు బయటికి తీయడానికి విడిగా డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి.
- నాలుగైదు సాఫ్ట్‌వేర్లు ఒకేసారి మొదలుపెట్టకండి.
- పాత విన్‌ఐసిస్ సాఫ్ట్‌వేర్‌లోని వివరాలు బయటికి తీయకముందే ఆ పాత కంప్యూటర్‌ను తుక్కుకు వేయకండి.

తెలుగు అక్షరం

- అను వంటి పాత ఫాంట్లలో కొత్త వివరాలు ఎక్కించకండి, ఎందుకంటే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి చదవరాని గుర్తులవుతాయి.
- తెలుగు పేర్లను రోమన్ లిపిలో మాత్రమే రాయకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాలు తిప్పలు పెట్టింది అలా తలో విధంగా రాసిన పేర్ల వల్లే.
- తెర మీద తెలుగు కనబడింది కదా అని తృప్తి పడకండి. వెతికితే దొరకాలి, వరుసలో రావాలి, బయటికి తీసినా చెడకూడదు.
- కంప్యూటర్ గుర్తించిన పాఠాన్ని దిద్దకుండా మూల పాఠంగా ఇవ్వకండి.
- పాత పుస్తకంలోని అరసున్నలను, పాత వర్ణక్రమాన్ని మీ ఇష్టానికి సవరించకండి.
- కృత్రిమ మేధ చెప్పిన రచయిత పేరును, సంవత్సరాన్ని పుస్తకం తెరిచి చూడకుండా ఎక్కించకండి.

స్కానింగు, ఫైళ్లు

- ఫోన్ యాప్ తీసిన బొమ్మను మూల ప్రతిగా దాచకండి, ఎందుకంటే యాప్ అంచులు కోసి రంగులు మార్చేస్తుంది.
- పెళుసు పుస్తకాన్ని స్కానర్ అద్దం మీద బోర్లించి నొక్కకండి.
- అక్షరాలు కనబడాలని తాళపత్రాలకు మీ అంతట మీరే నూనె, మసి పూయకండి.
- టిఫ్ మూల ప్రతి మీద గ్రంథాలయం పేరును ముద్రలా వేయకండి. అది పాఠకుల నకలు మీద చాలు.
- జేపెగ్ ఫైలును మళ్లీ మళ్లీ దిద్ది సేవ్ చేయకండి, ఎందుకంటే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.
- ఫైళ్లకు "కొత్తది", "ఫైనల్", "ఫైనల్ 2" అని పేర్లు పెట్టకండి.
- స్కాన్ అయిపోయిందని అసలు పుస్తకాన్ని పాత కాగితాల కింద అమ్మకండి.

నకళ్లు, భద్రత

- రెండు నకళ్లను ఒకే బీరువాలో పెట్టకండి, ఎందుకంటే మంట బీరువాను లెక్కపెట్టి రాదు.
- పెన్‌డ్రైవ్‌ను బ్యాకప్ అనుకోకండి.
- నెట్‌లో ఒకచోట పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా 2024 అక్టోబరులో సైబర్ దాడి వల్ల కొన్ని రోజులు ఆగిపోయింది.
- సైటు ఎప్పటికీ ఉంటుందని అనుకోకండి; డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు ఆగినా దాని పుస్తకాలు దొరుకుతున్నాయంటే వాటి నకళ్లు మరోచోట ఉండబట్టే.
- దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ వాడకండి, ఎందుకంటే వైరస్ దాని వెంటే వస్తుంది.
- సాధారణ మద్దతు ఆగిపోయిన విండోస్ మీద సర్వర్ నడపకండి. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో అది ఆగింది.
- పాఠకులు నెట్ చూసుకునే కంప్యూటర్‌నే సర్వర్‌గా వాడకండి.
- సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన మొదటి పాస్‌వర్డును ఒక్క రోజు కూడా అలాగే ఉంచకండి.
- ఒకే పాస్‌వర్డును అందరూ పంచుకోకండి.

హక్కులు, ఒప్పందం

- హక్కులున్న పుస్తకాన్ని నెట్‌లో అందరికీ పెట్టకండి. తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రత కోసం డిజిటల్‌గా దాచుకోవడానికే చట్టం గ్రంథాలయానికి వీలిచ్చింది.
- సభ్యత్వానికి అక్కరలేని ఆధార్ నంబర్లు, ఇతర వివరాలు సేకరించకండి.
- ఎవరు ఏ పుస్తకం చదివారో మూడో మనిషికి చూపించకండి.
- తాళపత్రాలను లెక్కపెట్టకుండా, రసీదు లేకుండా స్కానింగు వారి చేతికి ఇవ్వకండి.
- ఒప్పందపు డబ్బు మొత్తం ముందే కట్టకండి; వివరాలు బయటికి తీసి చూపాకే చివరి విడత ఇవ్వండి.
- ఒప్పందం గడువు చివరి వారం దాకా ఆగి సాఫ్ట్‌వేర్ మార్చకండి. పాతది, కొత్తది కనీసం మూడు నెలలు పక్కపక్కన నడపండి.

ఈ వారమే చేయండి

- కంప్యూటర్ తెరిచి మీ కేటలాగు మొత్తాన్ని ఒక ఫైలుగా బయటికి తీయండి.
- తీసిన ఫైలును మరో కంప్యూటర్‌లో తెరిచి, తెలుగు అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయో చూడండి.
- ఆ ఫైలును రెండు డిస్కుల్లో ఎక్కించి, ఒకదాన్ని మరో ఊరికి పంపండి.
- తీయలేకపోతే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇంకొక్క పుస్తకం కూడా ఎక్కించకండి. ముందు దారి తెరిపించండి.