డిలీట్ కొడితే పోతుందా?

మాది భద్రాచలం దగ్గర అడవి అంచు పల్లె. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు మా పక్కింటి తమ్ముడు సెల్‌ఫోన్ దొంగతనం కేసులో ఇరుక్కున్నాడు. వాడికి పదహారేళ్లు. సాయంత్రానికల్లా వాడి ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసింది. తర్వాత వాడు తియ్యలేదని తేలింది. ఫోటో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

అలా ఫోటో పెట్టడమే నేరమని ఈ మధ్యే చదివాను. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 74 ప్రకారం కేసులో ఉన్న 18 ఏళ్లలోపు పిల్లల పేరు, చిరునామా, బడి, ఫోటో బోర్డు అనుమతి లేకుండా ఎక్కడా బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. సెక్షన్ 24 ప్రకారం, నేరం రుజువైనా సరే, కొన్ని ఘోరమైన నేరాలు తప్ప, అప్పీలు గడువు అయిపోయాక ఆ రికార్డు నాశనం చెయ్యాలి.

డీబీఎంఎస్ ల్యాబ్‌లో డిలీట్ అంటే ఒక్క లైను. మరి బ్యాకప్‌లో ఉన్న కాపీ? వందల ఫోన్లలో ఉన్నవి? ఈ ప్రశ్నకి కోడూ కావాలి, చట్టమూ కావాలి. అందుకే బీటెక్ అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ, ఆపైన ఎల్ఎల్ఎం చేసి ఇదే పాఠం చెప్పాలనుకుంటున్నాను.

"సాఫ్ట్‌వేర్ వదిలేసి కోర్టులేంట్రా?" అన్నారు నాన్న. వదలట్లేదు నాన్నా.

మీ ఫోన్‌కి అలాంటి ఫోటో వస్తే ఫార్వర్డ్ మాత్రం చెయ్యకండి.