మూడు రకాల కంప్యూటర్లకు ఒకే ఫైల్ సర్వర్

ప్రశ్న: మాది 15 మంది పనిచేసే ఆర్కిటెక్ట్ ఆఫీసు. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడూ వాడతాం. ఫైళ్లన్నీ ఒకేచోట ఉండాలంటే ఏ సర్వర్ కొనాలి? ఒక విండోస్ కంప్యూటర్‌లో ఫోల్డర్ షేర్ చేస్తే చాలదా?

జవాబు: ఇప్పటికి చాలుతుంది కానీ, విండోస్ 10, 11లలో షేర్ చేసిన ఫోల్డర్‌కు ఒకేసారి 20 కనెక్షన్లే హద్దు. పైగా ఆ మెషీన్ ఆగితే అందరి పనీ ఆగుతుంది. మీకు రెండు లేదా నాలుగు డిస్కుల నాస్ (నెట్‌వర్క్‌కు తగిలించే ఫైళ్ల నిల్వ పెట్టె) నప్పుతుంది. లైనక్స్ తెలిసినవారుంటే సాంబా అనే ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్‌తో సొంత సర్వర్ కూడా పెట్టుకోవచ్చు.

మూడు సిస్టమ్‌లకూ ఫైళ్లు పంచుకునే ఉమ్మడి భాష ఎస్ఎంబీ. మ్యాక్‌ల కోసం ఆపిల్ పాత పద్ధతి ఏఎఫ్‌పీ అక్కర్లేదు. 2013 నుంచి ఆపిల్ కూడా ఎస్ఎంబీకే మొగ్గింది. ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ను మాత్రం ఆపేయండి. 2017లో వానాక్రై రాన్సమ్‌వేర్ వ్యాపించింది అందులోని లోపం గుండానే.

ఫైళ్ల పేర్ల దగ్గర తగాదాలొస్తాయి. పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాలను లైనక్స్ వేరుగా చూస్తుంది, విండోస్ చూడదు. కోలన్, ప్రశ్నార్థకం ఉన్న పేర్లను విండోస్ ఒప్పుకోదు. అందుకే పేర్ల పద్ధతి ముందే ఖరారు చేసుకోండి.

గిగాబిట్ స్విచ్‌తో సెకనుకు సుమారు 110 మెగాబైట్లు అందుతాయి. డ్రాయింగులకు అది చాలు. కరెంటు పోయినప్పుడు సర్వర్ హఠాత్తుగా ఆగకుండా యూపీఎస్ తప్పనిసరి.

రెయిడ్ (ఒకే డేటాను పలు డిస్కుల్లో కాపాడే పద్ధతి) ఉంటే ఒక డిస్కు పోయినా పని ఆగదు. కానీ పొరపాటున చెరిపిన ఫైలును అది తిరిగివ్వదు. కాబట్టి ఆఫీసు బయట మరో బ్యాకప్ ఉంచుకోండి. దానికి డబ్బు చాలకపోతే నాస్‌నే చిన్నది కొనండి.